దొంగిలకూడదు: దేన్ని, ఎవర్ని?

(పది ఆజ్ఞల మీద మా సంఘంలో ఆదివారం సాయంత్రాలు జరుగుతున్న ప్రసంగాల్లో ఇదొకటి. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ వందనాలు. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడుంది, కాస్త ముందుకు జరగండి. చాపలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, రండి.

ఇవాళ మనం చదువుకునే ఆజ్ఞ ఒక్క మాట. నిర్గమకాండం 20వ అధ్యాయం, 15వ వచనం. "దొంగిలకూడదు." అంతే. బైబిలు తెరిచేలోపే అయిపోతుంది.

విశ్రాంతి దినం గురించి చెప్పేటప్పుడు దేవుడు నాలుగు వచనాలు తీసుకున్నాడు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ పశువు, నీ ఊళ్లో ఉన్న పరదేశి అని వరసపెట్టి చెప్పాడు. పదో ఆజ్ఞలో ఇల్లు, ఎద్దు, గాడిద దాకా లెక్కపెట్టాడు. ఇక్కడ మాత్రం ఏమీ చెప్పలేదు. దొంగిలకూడదు. దేన్ని? చెప్పలేదు. ఎవరి దగ్గర? చెప్పలేదు. హెబ్రీలో అయితే రెండే మాటలు, "లో తిగ్నోవ్". మనం దీన్ని ఎనిమిదో ఆజ్ఞ అంటాం. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లు, ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, ఏడోది అని నేర్చుకుంటారు. మొదటి రెంటినీ కలిపి, చివరిదాన్ని విడదీసి లెక్కపెడతారు కాబట్టి ఆ తేడా. అంకె ఏదైనా మాట మారదు.

ఒక్కటి అడుగుతాను. నాకు జవాబు చెప్పక్కర్లేదు, మీ మనసులో చెప్పుకోండి. ఈ మాట వినగానే మీకు ఎవరు గుర్తొచ్చారు? బస్టాండులో జేబు కొట్టేవాడు. బండి మీద వచ్చి మెడలో గొలుసు లాక్కుపోయేవాడు. రాత్రి తాళం పగలగొట్టేవాడు. అంతే కదా? మనం ఎవ్వరం మనకి గుర్తురాము. మిగతా ఆజ్ఞలు చదివేటప్పుడు ఎక్కడో ఒకచోట తల దించుకుంటాం. అబద్ధమాడకూడదు అంటే దించుకుంటాం. ఆశించకూడదు అంటే దించుకుంటాం. దీని దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిటారుగా కూర్చుంటాం. నేను చాలా ఏళ్లు అలాగే కూర్చున్నాను. అందుకే ఇవాళ ఈ ఆజ్ఞ గురించి నేను మాట్లాడతానని పాస్టర్ గారిని అడిగి తీసుకున్నాను.

యోసేపు దగ్గర మొదలుపెడదాం. అన్నలు గోతిలో పడేశారు, 20 వెండి నాణేలకు అమ్మేశారు, ఐగుప్తు చేరాడు, చెరసాలలో పడ్డాడు. అక్కడ పానదాయకుల అధిపతితో తన గోడు చెప్పుకుంటూ ఏమన్నాడు? నన్ను అమ్మేశారు అనలేదు. నాకు అన్యాయం చేశారు అనలేదు. హెబ్రీయుల దేశం నుంచి నేను "దొంగిలబడితిని" అన్నాడు. ఆదికాండం 40వ అధ్యాయం, 15వ వచనం. సీనాయి కొండ మీద దేవుడు వాడిన క్రియ, చెరసాలలో యోసేపు వాడిన క్రియ ఒకటే. మూలంలో ఒకే మాట. యోసేపు దగ్గర వస్తువేదో పోలేదు. మనిషే పోయాడు.

యూదుల పండితులు ఎన్నో వందల ఏళ్ల కిందటే దీన్ని పట్టుకున్నారు. ధర్మశాస్త్రం మీద వాళ్ల పండితుల చర్చలన్నీ ఉన్న గ్రంథం తల్మూదు, అందులో చర్చ ఉంది. నరహత్య చేయకూడదు, వ్యభిచరించకూడదు, ఈ రెంటికీ ధర్మశాస్త్రంలో మరణశిక్ష. వాటి పక్కనే దొంగిలకూడదు అని ఉంది. వస్తువు దొంగిలిస్తే ధర్మశాస్త్రంలో మరణశిక్ష లేదు. మరణశిక్ష ఉన్నది ఏ దొంగతనానికి? మనిషిని దొంగిలించినదానికి. కాబట్టి పది ఆజ్ఞల్లో ఉన్నది మొట్టమొదట మనిషి దొంగతనం గురించే, వస్తువుల దొంగతనం గురించి లేవీయకాండం 19లో విడిగా చెప్పాడు అన్నారు. అది మాత్రమే అర్థమని నేను అనడం లేదు. దేవుడు ఏమీ పేర్కొనకుండా వదిలేశాడంటే అన్నీ అందులోకి వస్తాయి. కానీ ఆ అన్నింటిలో ముందు నిలబడేది మనిషి.

కావాలంటే నిర్గమకాండంలోనే పక్క అధ్యాయాలు చూడండి. 21వ అధ్యాయం, 16వ వచనం: ఒకడు మనిషిని దొంగిలించి అమ్మినా, ఆ మనిషి వాడి దగ్గర దొరికినా, వాడికి మరణశిక్ష. 22వ అధ్యాయం: ఎద్దును దొంగిలించి కోసినా అమ్మినా ఐదు ఎద్దులు ఇయ్యాలి, గొర్రెకైతే నాలుగు గొర్రెలు. ప్రాణంతో దొరికితే రెండంతలు. ఇక బాబిలోనులో హమ్మురాబి శాసనం చూడండి, మోషే కంటే పాతది. దేవాలయం ఎద్దునో రాజు ఎద్దునో దొంగిలిస్తే ముప్పై అంతలు కట్టాలి, కట్టలేకపోతే చంపేస్తారు. అక్కడ ఆస్తి కోసం మనిషి ప్రాణం తీయవచ్చు. ఇక్కడ ఎంత పెద్ద ఆస్తి పోయినా ప్రాణం తీయకూడదు, మనిషిని మాత్రం ముట్టుకోకూడదు. ఆ మాటకొస్తే హమ్మురాబి కూడా పిల్లవాణ్ణి ఎత్తుకుపోతే మరణశిక్షే అన్నాడు, అది ఒప్పుకోవాలి. కానీ ఎద్దుకీ మనిషికీ మధ్య గీత అంత స్పష్టంగా గీసింది మన గ్రంథమే.

ఎద్దుకి ఐదు, గొర్రెకి నాలుగు, ఎందుకీ తేడా? నేను బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, అంకె కనబడితే వదలలేను. దీని మీద కూడా తల్మూదులో ఒక జవాబుంది. రబ్బీ మేయీర్ అంటాడు: ఎద్దు పని చేస్తుంది, గొర్రె పని చేయదు. ఎద్దును ఎత్తుకుపోయినవాడు దాని పనిని కూడా ఎత్తుకుపోయాడు. అందుకని ఇంకొకటి ఎక్కువ. చూశారా, పనికి దేవుని దగ్గర ఎంత విలువో! ఎద్దు పని పోతేనే లెక్క కట్టాడే, మనిషి పని పోతే కట్టడా?

ఇప్పుడు ఈ ఆజ్ఞ ఎవరికి చెప్పాడో చూడండి. ఐగుప్తు నుంచి అప్పుడే బయటపడ్డ మనుషులకి. అక్కడ వాళ్లు చేసిన పనేంటి? ఇటుకలు. మట్టి తొక్కి ఇటుకలు చేశారు. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గడానికి వీల్లేదు అన్నాడు. లెక్క తగ్గితే దెబ్బలు. అంటే సీనాయి కింద నిలబడి దొంగిలకూడదు అని విన్నవాళ్లు దొంగలు కాదు. దొంగిలించబడ్డవాళ్లు. వాళ్ల పగళ్లు, వాళ్ల ఒళ్లు, వాళ్ల పిల్లలు అన్నీ పోగొట్టుకున్నవాళ్లు. మీకు జరిగింది మీరు ఇంకెవరికీ చేయకండి అని దేవుడు వాళ్లకి చెబుతున్నాడు.

తల్మూదులోనే ఇంకో కథ ఉంది. ఇశ్రాయేలీయులు బయల్దేరేటప్పుడు ఐగుప్తీయుల దగ్గర వెండి బంగారాలు అడిగి తీసుకున్నారు కదా. చాలా కాలం తరవాత ఐగుప్తీయులు అలెగ్జాండరు దగ్గరికొచ్చి, మా బంగారం మాకు ఇప్పించండి అని దావా వేశారట. యూదుల తరఫున గెబీహా అనే ఆయన నిలబడ్డాడు. సరే ఇచ్చేస్తాం, ముందు ఆరు లక్షల మందితో 430 ఏళ్లు చాకిరీ చేయించుకున్నారు, ఆ కూలి లెక్క కట్టి ఇవ్వండి అన్నాడు. వాళ్లు మూడు రోజులు గడువడిగి, జవాబు దొరక్క పారిపోయారట. కథే అనుకోండి. కానీ ఆ కథ చెప్పుకున్న జనానికి ఒకటి తెలుసు. ఇవ్వని కూలి ఎన్ని తరాలైనా కూలే. మాఫీ కాదు.

ఇటుకలు అన్నాను కదా. కొన్నేళ్ల కిందట హైదరాబాదు శివార్లలో ఒక ఇటుక బట్టీకి వెళ్లాను. పేరు, ఊరు చెప్పను. అక్కడి పిల్లలకి అక్షరాలు నేర్పుదామని కొందరు యువకులు వెళ్తుంటే వాళ్లతో పోయాను. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. ఊళ్లోనే మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆ బాకీ తీరేదాకా ఆరేడు నెలలు బట్టీ దగ్గరే. తెల్లవారకముందే మట్టి కలుపుతారు. భర్త అచ్చులో మట్టి కొడతాడు, భార్య మోసుకెళ్లి వరస పేరుస్తుంది, పిల్లలు ఆరే ఇటుకల్ని అటూ ఇటూ తిప్పుతారు. పిల్లలైతే బరువు తక్కువ, పచ్చి ఇటుకల మీద నడిచినా పాడవవు అని వాళ్లకి ఆ పని. నేను ఆ వరసల మధ్య నడుస్తుంటే ఒక పచ్చి ఇటుక మీద అడుగు ముద్ర కనబడింది. చిన్న పాదం, ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. నా అరచెయ్యంత కూడా లేదు. దాన్ని అలాగే కాలుస్తారు. ఎవరింటి గోడలోనో ఉంటుంది. ఈ మందిరం గోడలో లేదని నేను చెప్పలేను.

అక్కడ ఒకతను తన చిన్న నోట్‌బుక్ చూపించాడు. చదువు రాదు. ఎవరో రాసిన పద్దులు. బియ్యానికి ఇంత, జ్వరం మాత్రలకు ఇంత, సెల్‌ఫోన్ రీఛార్జికి ఇంత. నేను కూడి చూశాను. అతని నోట్‌బుక్ లెక్క ఒకటి, ఆఫీసు గదిలో చెబుతున్న లెక్క ఇంకొకటి. ఆఫీసు లెక్కలోనే బాకీ ఎక్కువ. ఊళ్లో తల్లికి బాగోలేదు, వెళ్తానంటే వీల్లేదన్నారు. భార్యని, పెద్దపిల్లని ఇక్కడ వదిలి వెళ్లమన్నారు. ఇప్పుడు చెప్పండి. అక్కడ దొంగతనం జరిగిందా లేదా? ఎవరి జేబూ కొట్టలేదు. తాళమేదీ పగలలేదు. మనిషి మాత్రం కదలలేడు.

మన దేశంలో దీనికి చట్టం ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అంది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు ఈ ఆజ్ఞే గుర్తొచ్చింది. మన రాష్ట్రంలో ఎస్.ఆర్. శంకరన్ గారిలాంటి అధికారులు జీతగాళ్లని విడిపించడానికే తమ ఉద్యోగాన్ని వాడారు. ఆ పని ఇంకా పూర్తికాలేదు.

మీలో ఒకరికి ఈపాటికి ప్రశ్న వచ్చే ఉంటుంది. ధర్మశాస్త్రంలోనే దాసుల గురించి నియమాలున్నాయి కదా, దాని సంగతేంటి? ఉన్నాయి. దాచను. ఆ నియమాలు చూపించే క్రైస్తవులు కొన్ని వందల ఏళ్లు ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో కుక్కి అమ్ముకున్నారు. ప్రతి ఆదివారం గుడికి వెళ్లి ఈ ఆజ్ఞ పలికారు. దొంగిలకూడదు అని పలికారు. పౌలు తిమోతికి రాస్తూ "మనుష్య చోరులు" అని పేరుపెట్టి ఖండించాడు, అదీ చదివారు. పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది. ఆ పేజీ మాత్రం తిప్పేశారు.

కానీ చదివినవాళ్లు కొందరున్నారు. 1688లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, జర్మన్‌టౌన్ అనే చిన్న ఊళ్లో, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకి చెందిన నలుగురు ఒక కాగితం రాసి సంతకాలు పెట్టారు. మనుషుల్ని దొంగిలించేవాళ్లు, ఆ దొంగిలించినవాళ్ల దగ్గర కొనేవాళ్లు, ఇద్దరూ ఒకటి కాదా అని అడిగారు. ఎంత సూటి ప్రశ్న! వాళ్ల సంఘం ఆ కాగితాన్ని పై సభకు పంపింది, ఆ సభ ఇంకా పై సభకు పంపింది. ఇది చాలా పెద్ద విషయం, మేము తేల్చలేం అన్నారు. ఫిలడెల్ఫియా క్వేకర్ల సభ తన సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని తీర్మానించింది 1776లో. 88 ఏళ్లు! ఒక ప్రశ్నకి జవాబు చెప్పడానికి 88 ఏళ్లు. బ్రిటన్ 1833లో బానిసత్వం రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. ఎవరికి? యజమానులకి. దొంగిలించినవాళ్లకి. దొంగిలించబడ్డవాళ్లకి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఎద్దుకి ఐదు ఎద్దులు అన్న గ్రంథం వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఇదంతా పెద్ద విషయం, దూరపు విషయం, మనకి బట్టీలూ లేవు ఓడలూ లేవు అనుకుంటున్నారా? ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీయండి. అందరూ తీయండి. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది.

6వ వచనం: తిరగలిని తాకట్టు పట్టకూడదు, అది ఒకడి ప్రాణాన్ని తాకట్టు పట్టినట్టే. 7వ వచనం: తన సహోదరుల్లో ఒకణ్ణి దొంగిలించినవాడు చావాలి. 15వ వచనం: కూలివాడి కూలి ఆ రోజే ఇవ్వాలి, పొద్దుగుంకకముందే ఇవ్వాలి, అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. మన తెలుగులో ఈ మూడూ వేరువేరు మాటల్లో కనబడతాయి. హెబ్రీలో మూడింటిలోనూ ఒకే మాట ఉంది. నెఫెష్. ప్రాణం. తిరగలి తాకట్టు పడితే ప్రాణం తాకట్టు. మనిషిని ఎత్తుకుపోతే ప్రాణం దొంగతనం. కూలివాడు కూలి మీద ఆశ పెట్టుకున్నాడు అన్నచోట కూడా ఉన్న మాట, దాని మీద తన ప్రాణాన్ని పెట్టుకున్నాడు అని. మనిషిని ఎత్తుకుపోయేవాడూ, కూలి ఆపేవాడూ ఒకే అధ్యాయంలో ఎనిమిది వచనాల దూరంలో ఉన్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా చేలో నాట్లు పడ్డాయి. ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. చీకటి పడ్డాక కూలికోసం మా అరుగు దగ్గర నిలబడ్డారు. మోకాళ్ల దాకా బురద ఎండి తెల్లగా అయిపోయింది. నాన్న లోపల అన్నం తింటున్నారు. రేపు పొద్దున్న రమ్మను అని నాతో చెప్పి పంపారు. నేను వెళ్లి చెప్పాను. వాళ్లలో ఒకావిడ అప్పటికే కొంగు చివర ముడి విప్పి పట్టుకుని ఉంది, డబ్బులు అందులో కట్టుకుందామని. నేను చెప్పింది విని ఏమీ అనలేదు. ఆ ఖాళీ కొంగునే మళ్లీ ముడేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఆ కూలితోనే ఆ రాత్రికి బియ్యం కొనుక్కునేవాళ్లు. మా నాన్న చెడ్డవారు కాదు. మర్నాడు పొద్దున్నే పైసాతో సహా ఇచ్చేశారు. ఆ రాత్రి సంగతి ఆయనకి తోచలేదు. నాకూ ఎన్నో ఏళ్లు తోచలేదు.

తోచలేదు కాబట్టే నేనూ అదే చేశాను. ఇల్లు కట్టుకున్నాను. తాపీ మేస్త్రీకి చివర్లో 15,000 ఇవ్వాల్సి ఉంది. బాత్రూం గోడకి చెమ్మ వచ్చింది, అది సరిచేస్తేనే ఇస్తానన్నాను. అతను వచ్చి సరిచేశాడు. ఇంకో వానాకాలం చూద్దాం అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ డబ్బు అప్పటికే అమ్మాయి కాలేజీ ఫీజుకి వాడేశాను. చెమ్మ ఒక సాకు. నాలుగు నెలలు అలా గడిపాను. ఐదుసార్లు వచ్చాడు. ప్రతిసారీ కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపాను. మర్యాదగానే పంపాను. అదే సమయంలో ఈ అధ్యాయం మీద క్లాసు చెప్పాల్సి వచ్చింది. చదువుతున్నాను, కళ్లు ముందుకి పోవడం లేదు.

లేవీయకాండం 6లో ఉంది: అన్యాయంగా పట్టుకున్నది ఒప్పుకున్నవాడు అసలు మొత్తం తిరిగిచ్చి, దానికి ఐదో వంతు కలపాలి. 15,000లో ఐదో వంతు 3,000. పద్దెనిమిది వేలు కవర్లో పెట్టుకుని అతని ఊరు వెళ్లాను. అతను ఎక్కువ ఇచ్చారు సార్ అన్నాడు. ఎందుకో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి ఒక చీటీ తెచ్చి చూపించాడు. తాకట్టు చీటీ. భార్య చెవి కమ్మలు. నేనిస్తానన్న రోజు ఇవ్వలేదని పదిహేను వేలకి పెట్టాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. నాలుగు నెలలకి ఎంతయింది? 1,800. నా దగ్గరికి వచ్చిన ఐదుసార్లూ పూట పని పోయింది, బస్సు ఛార్జీలు పోయాయి. నేను అక్కడే నిలబడి లెక్కవేశాను. ఐదో వంతు ఎందుకు పెట్టాడా దేవుడు అని అంతకుముందు అనుకునేవాణ్ణి, శిక్ష అనుకునేవాణ్ణి. శిక్ష కాదు. ఆపిన కాలంలో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో దేవుడికి తెలుసు. నాకే తెలియదు. కమ్మలు లేకుండా ఆవిడ చెవులకి చీపురు పుల్లలు పెట్టుకుని ఉంది. ఆ రోజు నాకు మంచినీళ్లు ఇచ్చింది ఆవిడే.

ఆకలికి దొంగిలించినవాడి గురించి కూడా గ్రంథం మాట్లాడుతుంది, త్వరగా చెప్పి ముందుకెళ్తాను. ఆకలి తీర్చుకోవడానికి దొంగిలించినవాణ్ణి జనం తిరస్కరించరు అని సామెతలు 6లో ఉంది. దొరికితే కట్టాలి, అది వేరే. పొరుగువాడి ద్రాక్షతోటలో కడుపు నిండా తినవచ్చు, బుట్టలో వేసుకోకూడదు అని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది. మన పల్లెల్లో శనగ చేలో నిలబడి తిన్నంత తిను, ఒడిలో కట్టుకోకు అంటారే, అదే. దేవుడికి దొంగల మీద కక్ష లేదు. కాటా దగ్గర తరుగు పేరుతో బస్తాకి ఇంత లాగేవాడి మీద, సంచిలో రెండు రకాల రాళ్లు పెట్టుకున్న వ్యాపారి మీద ప్రవక్తలకి వచ్చినంత కోపం, ఆకలిదొంగ మీద ఎక్కడా రాలేదు.

జక్కయ్యతో ముగిస్తాను. యేసుని చూడాలని చెట్టెక్కినది అందరికీ తెలుసు. తరవాత అన్నది చూడండి. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. తనంతట తాను ఒప్పుకున్నవాడు ఐదో వంతు కలిపితే చాలు, ఇందాక చదివాం కదా. నాలుగంతలు ఎవరికి? గొర్రెను దొంగిలించి కోసేసినవాడికి. యెరికో ఊళ్లో అతన్ని దొంగ అని ఎదురుగా అనగల దమ్ము ఎవరికుంది? పన్నులు వసూలు చేసే సుంకరి, వెనకాల ప్రభుత్వం ఉంది. తనకి తానే దొంగ లెక్క వేసుకున్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని ప్రభువు అన్నది ఆ మాట విన్న తరవాతే.

ఇందాక చెప్పిన లేవీయకాండం 6లో ఇంకొకటుంది. ఆ డబ్బు ఎప్పుడు తిరిగివ్వాలి? అపరాధ బలి తెచ్చే రోజునే. బలి తెచ్చి ఇంటికెళ్లి మెల్లగా ఇవ్వడం కాదు. వచ్చే ఆదివారం మనకి ప్రభు బల్ల ఉంది. మధ్యలో ఆరు రోజులున్నాయి. నేను మాట్లాడుతుంటే మీలో కొందరికి ఒక మనిషి గుర్తొచ్చి ఉంటారు. జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదని జీతం కోసేసిన పనమ్మాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా మీ దగ్గర్నుంచి అడ్వాన్సు తిరిగిరాని అద్దెవాళ్లు. పెళ్లికి వంట చేసి బాకీ కోసం తిరుగుతున్న వంటాయన. వాళ్ల ఫోన్ నంబరు మీ దగ్గరే ఉంటుంది. లేకపోతే ఇల్లు కనుక్కోండి. ఐదో వంతు లెక్క రాకపోతే మందిరం అయ్యాక నా దగ్గరికి రండి, కాగితం పెన్ను తెచ్చుకున్నాను. ప్రార్థన చేద్దాం.